ఊరికి పోయింది

మొదటి వారం నుంచీ ఈ కథతో నడుస్తున్నవాళ్లు ఒక్క నిమిషం ఓపిక పట్టండి. ఈ వారమే తలుపు తోసుకుని లోపలికి వచ్చినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి.

గౌలిపురాలో పాల బాలమ్మను తెలియనివాళ్లు లేరు. ఆమె కొడుకు గోవర్ధన్ మలేషియాలో రెండేళ్లు పాల ఫ్యాక్టరీలో పనిచేసి, తిరిగొచ్చేటప్పుడు కమలకుమారిని పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. కమల పుట్టి పెరిగింది అక్కడి పామాయిల్ తోటల్లో. ఎప్పుడో వాళ్ల ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కినప్పుడు వెంట తీసుకెళ్లిన తెలుగు ఇంకా ఆమె నోట్లో అలాగే ఉంది. అది విని బస్తీ మొత్తం ఆమెను ఆంధ్రా పిల్ల అనుకుంది. పాస్‌పోర్టులో ఆమె పేరు మధ్యన ‘ఏ/పీ’ అని ఉండటంతో ఆ అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. అక్కడి భాషలో దానికి ‘ఫలానావారి కూతురు’ అని అర్థం. గౌలిపురాలో మాత్రం ఆంధ్రప్రదేశ్ అనే అర్థం. పదేళ్లుగా చెబుతున్నా వినే నాథుడు లేడు.

ఈ పదేళ్లూ కమల వీసా మీదే ఉంది. గడువు దగ్గరపడ్డప్పుడల్లా కాగితాలు పట్టుకుని, ఇంకొంతకాలం ఉండనివ్వండి అని అడగాలి. తన ఇంట్లో తాను ఉండటానికి ఎవరినో అడగడం ఆమెకు విసుగెత్తింది. అందుకే మొన్న శ్రావణంలో భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టింది.

ఇలాంటి దరఖాస్తులకు ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. కొన్ని దేశాలు నీ రాకపోకలు నువ్వే రాసివ్వమని చెప్పి, తర్వాత తమ కంప్యూటర్‌తో సరిచూసుకుంటాయి. మన ప్రభుత్వానికి కాగితం, కంప్యూటర్ రెండూ చాలవు. ఇంటికి మనిషిని కూడా పంపుతుంది. అలా వచ్చినాయన తలుపు కొట్టిన రోజున కమల, గోవర్ధన్ ఇద్దరూ ఇబ్రహీంపట్నం అవతల తమ సొంతూళ్లో బంధువుల పెళ్లికి వెళ్లి ఉన్నారు. ఇంట్లో బాలమ్మ ఒక్కతే ఉంది.

“కమలకుమారి ఉన్నారామ్మా?”

“లేదు సారూ. ఊరికి పోయింది.”

“ఏ ఊరు?”

“దాని ఊరే.”

“ఎప్పుడొస్తారు?”

“గిప్పుడే యాడొస్తది? పోక పోక పోయింది. నాలుగొద్దులుండి వస్తది గని, మీరు చాయ్ తాగుండ్రి.”

ఆయన చాయ్ తాగాడు. దరఖాస్తుదారు ప్రస్తుతం స్వదేశంలో ఉన్నట్టు అత్తగారే చెప్పారని రాసుకుని వెళ్లాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. బాలమ్మ నోరు మంచిదే. ఊరి దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఆ వెంటనే కలెక్టర్ ఆఫీసు నుంచి ఫోను. పాస్‌పోర్టు తీసుకుని స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలట. మనం ఆగింది అక్కడే.

*

ఆటోలో ఇద్దరికే చోటుందని గోవర్ధన్ ఎంత చెప్పినా బాలమ్మ వినలేదు. “మాట జారింది నేను. ఎత్తుకునేది గూడ నేనే,” అని గద్వాల చీర కట్టుకుని అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది.

ఆ సెక్షన్ సూపరింటెండెంట్ ఆనందరావుది బందరు. ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి తల నెరిసింది గాని మాట నెరవలేదు. ముగ్గుర్నీ కూర్చోమన్నాడు. ఫైలు తెరిచే లోపే బాలమ్మ అందుకుంది.

“సారూ, మీ కాయిదంల తప్పు పడ్డది. మా కోడలు యాడికి పోలె.”

“ఊరు వెళ్లిందని మీరే చెప్పారటగా అమ్మా?”

“ఔ. ఊరికి పోయింది.”

ఆనందరావు పెన్ను కింద పెట్టాడు. “వెళ్లిందా, వెళ్లలేదా?”

“ఊరికి పోయింది సారూ. యాడికి పోలె.”

పక్క బల్ల మీద టైపు చేస్తున్నావిడ చేతులు ఆగిపోయాయి. గోవర్ధన్ తల పట్టుకున్నాడు. ఇబ్రహీంపట్నం అవతల తమకు ఊరుందని, పెళ్లికి వెళ్లామని, పెళ్లి ఫోటోలు ఇవిగో అని ఫోన్ తీసి చూపించాడు. ఆనందరావు ఫోటోలు చూశాడు. అక్షింతలు వేస్తూ కమల స్పష్టంగానే ఉంది.

“అది సరేనండీ. కానీ ‘దాని ఊరు’ అన్నారని మీ ఇంటికొచ్చినాయన రాశాడు. ఈవిడ ఊరు మలేషియా కదా?”

“పెండ్లయినంక మొగుని ఊరే గద సారూ ఆడిదాని ఊరు?” అంది బాలమ్మ, ఇది కూడా తెలియకుండా ఇంత పెద్ద కుర్చీలో ఎలా కూర్చున్నాడా అన్నట్టు. “మీ ఇంటామెది ఏ ఊరు?”

“తెనాలి. అంటే, పుట్టింది తెనాలి.”

“మీది?”

“బందరు.”

“మరి మీ ఇంటామె ఊరికి పోయిందంటే యాడికి పోయినట్టు?”

ఆనందరావు నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, “తెనాలికేనండీ,” అన్నాడు. “పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ ఊరెళ్లిందంటే తెనాలే. బందరు వెళ్తే ‘మీ అమ్మగారింటికి వెళ్తున్నా’ అంటుంది.”

“గదేం ఊరు సారూ!” అని బాలమ్మ ముక్కున వేలేసుకుంది.

టైపు చేస్తున్నావిడ నవ్వేసింది. ఆనందరావు కూడా నవ్వాడు. కమల ఒక్కతే నవ్వలేదు. అత్తగారు ‘యాడికి పోలె’ అన్నప్పటి నుంచి ఆమె చీర కొంగు అంచును వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది.

“సరే, ఊరంటే మీ ఊరేనని రాసుకుంటాను,” అన్నాడు ఆనందరావు. “వాళ్ల వైపు వాళ్లెవరైనా వస్తుంటారా?”

“మొన్న బోనాలకి మా సిన్నాన్న కొడుకు ప్రకాశం మలేషియా నుంచి వచ్చి ఎల్లినాడండీ,” అంది కమల మెల్లగా.

“మంచి పిలగాడు సారూ. మామిడి తొక్కంటే పానం ఇడుస్తడు. సీస నిండ కట్టిచ్చి పంపిన,” అంది బాలమ్మ. తను వచ్చిన పని అయిపోయిందని లేవబోయింది కూడా.

“ఒక్క నిమిషం కూర్చోండమ్మా.” ఆనందరావు ఇంకో కాగితం పైకి తీశాడు. గొంతులో నవ్వు తగ్గింది. “ఎంక్వయిరీ రిపోర్టు అలా వచ్చేసరికి, నిజమో కాదో తేల్చుకుందామని ఈవిడ ప్రయాణాల వివరం తెప్పించాను. మామూలుగా అయితే ఇంత తొందరగా తెప్పించేవాణ్ణి కాదు. మీరన్నది నిజమే. ఈ నెలలో ఈవిడ దేశం దాటలేదు.”

“నేను చెప్పలె!”

“కానీ పోయిన ఏడాది వినాయక చవితి వెళ్లిన వారంలో, చెన్నై నుంచి కౌలాలంపూర్ వెళ్లినట్టు ఉంది.”

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయిందని ఎందుకంటారో ఆ గదిలో అప్పుడు అందరికీ అర్థమైంది. బాలమ్మ మంచి మాట చెప్పకపోతే ఆ రిపోర్టు అలా వచ్చేది కాదు. అలా రాకపోతే ఆ కాగితం ఇప్పుడే ఆ బల్ల మీదికి వచ్చేది కాదు.

“తప్పు పడ్డట్టుంది సార్,” అన్నాడు గోవర్ధన్. “గప్పుడు చెన్నైలనే ఉండె. పాస్‌పోర్టు కొత్తగ చేయించుకునేటందుకు వాళ్ల కాన్సులేట్‌కు పోయింది. నాలుగొద్దులు. బర్లను ఇడిసిపెట్టి రాలేక నేను పోలె గని, రైలు నేనే ఎక్కిచ్చిన.” ఔననిపించుకోవడానికి భార్య వైపు తిరిగాడు. “గంతే గద కమలా?”

కమల కొంగు వదిలేసింది.

“ఎల్లినాను,” అంది.

ఆనందరావు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఇలాంటివి ఆయన ఎన్ని చూశాడో, గొంతు మాత్రం పెంచలేదు.

“చూడండమ్మా. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు వరసగా ఇక్కడే ఉండాలి. అంతకుముందు ఎనిమిదేళ్లలో ఆరేళ్లకు తక్కువ కాకుండా ఉండాలి. ఆ ఆరేళ్లతో మీకు ఇబ్బంది లేదు. చివరి పన్నెండు నెలల్లోనే ఈ ప్రయాణం పడింది. దానికీ దారుంది. ప్రత్యేకమైన కారణం ఉంటే ముప్పై రోజుల దాకా కేంద్రం మినహాయించవచ్చు. వెళ్లడం నేరం కాదు. కానీ మీ దరఖాస్తులో ఈ ఏడాదిలో బయటకు వెళ్లలేదని రాసి, కింద సంతకం పెట్టారు. అదండీ చిక్కు. తప్పు చెప్పారని కొట్టేశారంటే పౌరసత్వంతో పోదు. రేపు వీసా పొడిగించమన్నా ఆ మాటే ముందొస్తుంది.”

“అంటే?” అన్నాడు గోవర్ధన్.

“అంటే ఈవిడ ఇక్కడ ఉండటమే కష్టం కావచ్చు.” ఆనందరావు బాలమ్మ మొహం చూసి కాస్త తగ్గాడు. “ఎల్లుండి ఫైలు పైకి వెళ్తుంది. రేపు పదిన్నరకల్లా ఉన్నదున్నట్టు రాసి పట్టుకురండి. తిరిగొచ్చిన తేదీ వివరం నాకింకా రాలేదు, సాయంత్రానికి వస్తుందేమో చూస్తాను. ఇంకో మాట. ఈ సంగతి తేలేదాకా మీరు దేశం దాటకండి.”

*

మనుషుల మధ్య ఏమైనా బర్రెలకు దాణా తప్పదు. ఉస్మాన్‌గంజ్‌లో ఆటో ఆపి తవుడు బస్తా ఎక్కించారు.

ఇల్లు చేరగానే గోవర్ధన్ మొదలుపెట్టాడు. కొట్టం ముందు బస్తా దించి, చెమట కూడా తుడుచుకోకుండా, “ఏంది కమలా గిది? నన్ను అడిగితే తోల్కపోనా? టికెట్ తియ్యనా? దొంగలెక్క పోవుడేంది?” అని అరిచాడు. కమల ఏదో అనబోయింది. అతను అననివ్వలేదు. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

బాలమ్మ గద్వాల చీర మార్చుకుని, బొక్కెన తీసుకుని బర్రె కింద కూర్చుంది. చాలాసేపు పొదుగు నిమిరింది. పాలు దిగలేదు.

“లొల్లి బంద్ చెయ్యిర్రి,” అంది తల తిప్పకుండా. “లొల్లిల బర్రె చేపది. అరిసేది ఉంటే బయటకు పోయి అరువు. నువ్వు చెప్పు పిల్లా. ఎందుకు పోయినవ్?”

కమల కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది. ఏడుపు లేదు. ఏడాదిగా గొంతులో పెట్టుకున్న మాట కనుక, వరసగానే వచ్చింది.

“అక్కడ మాకు వేరే వరస ఉంటాది అత్తమ్మా. విమానం దిగి, గేటు కాడ మన పాస్‌పోర్టు పుస్తకం పెడితే తలుపు దానంతటదే తెరుసుకుంటాది. అక్కడ మనిషే ఉండడు. ఎందుకొచ్చినావు, ఎన్నాళ్లుంటావు, ఎల్లిపోడానికి టికెట్ ఉందా అని ఎవుడూ అడగడు. ఇక్కడ పౌరసత్వం వచ్చినాక ఆ పుస్తకం వాళ్లకి తిరిగి ఇచ్చీయాల. ఆ తరవాత నేనెప్పుడెల్లినా పరాయోళ్ల వరసలోనే నిలబడాల. ఒక్కసారి, ఆఖరిసారి, ఆ తలుపులోంచి నడవాలనిపించింది.”

“గంతేనా?”

“అంతే. మా అక్క ఇంట్లో పడుకున్నాను. కొత్త పాస్‌పోర్టు అక్కడే సేయించుకున్నాను. అక్కడ ఒక్క రోజులో ఇచ్చీస్తారు. మల్లా వచ్చీసినాను.”

“మరి నాకెందుకు చెప్పలె?” గోవర్ధన్ గొంతులో కోపం కంటే దెబ్బే ఎక్కువ వినిపించింది.

“నీకు సెప్తే నువ్వొద్దనవు. అత్తమ్మకి సెప్తావు. ఆవిడ బస్తీ అంతా తిరిగి, నా కోడలు మన దేశం మనిషి అయిపోతాందని సెప్పుకుంటోంది. ఆవిడ మొగం ముందు నిలబడి, నాకింకా అటే లాగుతోందని ఏ నోటితో సెప్పను?” కమల కాస్త ఊపిరి తీసుకుంది. “తప్పు జరగదనే అనుకున్నాను. దసరా దాటినాక దరకాస్తు పెడదామనే కదా మనం అనుకున్నది? దసరాకి ఏడాది నిండిపోతాది. ఎవరికీ ఏటీ సెప్పక్కర్లేదు. అత్తమ్మే శ్రావణ శుక్రవారం అన్నాది.”

బాలమ్మ చేయి ఆగింది.

ఆగక ఏం చేస్తుంది? శ్రావణ శుక్రవారం లక్ష్మి ఇంటికొచ్చే దినం, కోడలి కాగితం ఆ రోజే పెట్టాలి అని పట్టుబట్టింది ఆమే. పత్తర్‌గట్టి ఇంటర్‌నెట్ సెంటర్‌కు కొబ్బరికాయ పట్టుకుని వెంట వెళ్లిందీ ఆమే. లోపల గోవర్ధన్ ఒక్కో ప్రశ్నకు జవాబు కొడుతున్నాడు. గత పన్నెండు నెలల్లో దేశం బయటకు వెళ్లారా అన్న దగ్గర, అడిగేదేముందని అతనే ‘లేదు’ అని కొట్టేశాడు. కమల నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గుమ్మం బయట నుంచి బాలమ్మ, “అయిందా బిడ్డా? రాహుకాలం వస్తుంది,” అని కేకేసింది. కమల నోరు మూసుకుని సంతకం పెట్టింది. అధికారులకు అబద్ధం చెప్పాలన్నది ఆ ముగ్గురిలో ఎవరి ఉద్దేశమూ కాదు. ఒకరికి తొందర, ఒకరికి నమ్మకం, ఒకరికి మొహమాటం. అబద్ధం పుట్టడానికి ఆ మాత్రం చాలు.

“అబద్ధమాడినవ్,” అంది బాలమ్మ. “గది నేను మర్వ. ఆఫీసుల నా నోటితోని యాడికి పోలె అనిపిచ్చినవ్. పక్కన కూసొని విన్నవ్.”

“అవును అత్తమ్మా.”

“నాకు మస్తు కోపముంది.”

“తెలుసు.”

బర్రె తోకతో ఈగలు తోలుకుంది. బాలమ్మ మళ్లీ పొదుగు నిమరడం మొదలుపెట్టింది. ఆమె మాట ఇప్పుడు బర్రెతోనో కోడలితోనో తెలియనట్టు వచ్చింది.

“మా అన్న పెండ్లయిన ఏడాది మా తల్లిగారింటికి పోయిన. ఇంక సంచి గూడ కింద వెట్టలె. మా వదినె ఎదురొచ్చి, ‘ఎన్నొద్దులుంటవ్ వదినె?’ అని అడిగింది. మంచిదే పాపం. కాళ్లకు నీళ్లిచ్చింది, బువ్వ వెట్టింది. ఒక్క మాట తప్పు మాట్లాడలె. ఎన్నొద్దులని అడిగింది, గంతే. నేను తెల్లారి మొదటి బస్సుకు వచ్చేసిన.”

“మల్లా ఎల్లలేదా?”

“పోకేం? పెండ్లిళ్లకు పోయిన. సావులకు పోయిన. అడగకముందే నేనే చెప్పిన, పొద్దూకితె పోత అని.”

కమల గుంజ వదిలి వచ్చి అత్తగారి పక్కన పేడ గచ్చు మీదే కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. గోవర్ధన్‌కు ఏం చేయాలో తోచక తవుడు బస్తా విప్పాడు. కాసేపటికి బర్రె చేపింది. బొక్కెనలో మొదటి ధార పడిన చప్పుడు విని బాలమ్మ కొడుకును కేకేసింది.

“ఒరే, కాయిదం తీస్కరా. రాయమన్నడు గద ఆ సారు? రాయుండ్రి.”

“ఏమని రాయాలె? ప్రత్యేకమైన కారణం ఉండాలంట. నాలుగొద్దులు ఊకెనే పోయింది అని రాస్తె నడుస్తదా?”

“ఊకెనే ఎందుకు పోయింది? గేటు సంగతి చెప్పింది గద. గదే రాయి.” బాలమ్మ బొక్కెన మోకాళ్ల మధ్య సర్దుకుంది. “నా కోడలు ఊరికి పోయింది అని రాయి. నేను ఏలిముద్ర ఏస్త.”

ఆ మాటకు కమల తల వంచుకుంది. ఆఫీసులోనూ ఇంటికొచ్చాకా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. పది రోజుల కింద ఈ ఇంట్లో ఊరంటే ఇబ్రహీంపట్నం అవతలి ఊరొక్కటే. ఇప్పుడు బాలమ్మ అదే మాటతో సముద్రం అవతలి ఊరిని కూడా కోడలి పేరున రాసిచ్చింది.

*

ఉత్తరం సగమైంది. కమల చెబుతుంటే గోవర్ధన్ రాస్తున్నాడు. పాలు పోయించుకునేవాళ్లు గిన్నెలతో వచ్చి పోతున్నారు. అప్పుడు ఫోన్ మోగింది. ఆనందరావు. గోవర్ధన్ స్పీకర్ పెట్టాడు.

“అమ్మా, రెండో కాగితం వచ్చింది. కంగారు పడకుండా వినండి. మీరు వెళ్లినట్టు ఉంది గాని, తిరిగి వచ్చినట్టు లేదు.”

“ఇక్కడే ఉన్నాను కదండీ?” అంది కమల.

“నా ముందు కూర్చుని వెళ్లారు, నాకు తెలుసు. కానీ రికార్డు ప్రకారం పోయిన చవితి నుంచీ మీరు దేశంలో లేరు. మీరు వెళ్లింది పాత పాస్‌పోర్టు మీద. అక్కడ కొత్తది తీసుకున్నారు. ఆ నంబరు మీద వచ్చిన వివరం ఇంకా దొరకలేదు. దొరుకుతుందండీ, పోదు. కానీ ఎల్లుండి ఫైలు పైకెళ్లే సమయానికి నా చేతిలో ఉన్నవి రెండే. ఊరెళ్లిందని మీ అత్తగారు చెప్పిన రిపోర్టు ఒకటి, వెళ్లి రాలేదన్న ఈ కాగితం ఒకటి. రెండూ ఒకే మాట అంటున్నాయి. పైవాళ్లు ఏమనుకుంటారు చెప్పండి?”

గోవర్ధన్ ఫోన్ దగ్గరికి వంగాడు. “ఏం చేయాలె సార్?”

“వచ్చినప్పుడు ముద్ర వేస్తారుగా? ఆ ముద్ర చూపించండి. ఆ తేదీ పట్టుకుని వెతికిస్తాను. రేపు పదిన్నరకు ఆ పేజీ నా బల్ల మీద ఉంటే చాలు.”

ఫోన్ పెట్టేయగానే గోవర్ధన్ కొత్త పాస్‌పోర్టు తెచ్చి పేజీలన్నీ తిప్పాడు. ముద్ర లేదు. కమలకు గుర్తొచ్చింది. “అందులో ఉండదు. వీసా పాత దాంట్లో ఉంది కదా? ఎయిర్‌పోర్టులో ఆయన రెండు పుస్తకాలూ సూసి, పాతదాంట్లోనే వీసా పక్కన కొట్టినాడు. నేను సూసినాను.”

“అయితే ఫికర్ లేదు,” అన్నాడు గోవర్ధన్. ఆ రోజు మొదటిసారి అతని భుజాలు దిగాయి. “పాతది తియ్యి.”

కమల లోపలికి వెళ్లింది. వీసా కొత్త పుస్తకానికి మార్పించాక పాతదానితో పనిలేక బీరువాలో చీరల అడుగున పెట్టింది. చీరలు తీసింది. మొదటి అర తర్వాత రెండో అర తీసింది. గోవర్ధన్ వచ్చి పరుపు ఎత్తాడు, ట్రంకుపెట్టె తెరిచాడు. గది నిండా చీరలు పడ్డాయి. పుస్తకం లేదు.

“అమ్మా!” గోవర్ధన్ గుమ్మంలోకి వచ్చాడు. “కమల పాత పాస్‌పోర్టు గిట్ట చూసినవా? ఎర్రగ ఉంటది. మూల కత్తిరిచ్చి ఉంటది.”

బాలమ్మ పాల క్యానుకు మూత పెడుతోంది. మూత బిగించింది. మళ్లీ తీసి మళ్లీ బిగించింది.

“అది ఊరికి పోయింది,” అంది.

గోవర్ధన్ ఆ మాటను ఇంకెప్పుడూ అంత తేలిగ్గా వదిలేయడు.

“ఏ ఊరికి?”

“దాని ఊరికే.” బాలమ్మ అక్కడే గడప మీద కూలబడింది. “బోనాలకు ఇల్లు దులుపుతుంటె కండ్లబడ్డది. ప్రకాశం పోయేనాడు తొక్కు సీస పక్కన వెట్టి పంపిన. మూల కోసిన పుస్తకం ఇంట్ల ఉండొద్దని వానికి చెప్పిన...”

ఆమె కోడలి వైపు చూడలేకపోయింది.

“అది ఈడ ఉంటె నువ్వు ఆడికి పోతవేమో అని భయమైంది బిడ్డా.”